పుర్రచేతి ముడి

"రేపు నేనే మేడెక్కి ఆ ముడి చూస్తాను. చూసేదాకా ఈ ఇంట్లో ఎవరూ నోరెత్తడానికి వీల్లేదు," అని తాళ్ళ మేస్త్రి మంచం మీద నుంచే హుకుం జారీ చేసి దుప్పటి ముసుగేసుకున్న చోట కదా పోయిన వారం మనం ఈ ఇంటివాళ్ళని వదిలిపెట్టాం! ఆ ముసుగు కింద ఆయనకి నిద్ర పట్టిందో లేదో తెలియదు గానీ, మిగతా ఇంట్లో మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఈ వారమే వచ్చి గుమ్మంలో నిలబడ్డవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఈ ఇంటిది ఎత్తు మేడల అద్దాలు తుడిచే వృత్తి. మేస్త్రికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి కాబట్టి కిందే ఉండి వ్యాను నడుపుతాడు, బకెట్లు నింపుతాడు. అతని వంతు తాడు అతని భార్య పట్టుకుంది. పట్టుకుని ఊరుకుందా, మామగారినే మించిపోయింది. చిన్నవాడు నేల మీద కంటే గాలిలోనే కుదురుగా ఉండే రకం. వారం కిందట ఆసుపత్రి మేడ మీద నుంచి దిగుతుంటే అతని తాడు ముడి జారింది. జారి జారి చివర్న ఇరుక్కుని ఆగింది. ఆగింది కాబట్టి ప్రాణం దక్కింది, ఆలస్యంగా ఆగింది కాబట్టి సజ్జా తగిలి కాలు విరిగింది. కిటికీలోంచి అతన్ని లోపలికి లాగి తాడు కోసేశారు. పైన డాబా మీది ఇనుప కడియానికి ముడి అలాగే ఉండిపోయింది. ఎవరు కట్టారని అడిగితే అతను చెప్పింది ఒక్కటే మాట: "వదిన." పెద్దకోడలు ఔననలేదు, కాదనలేదు.

ఈ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి తాడు వాళ్ళు కట్టుకోకూడదు. నీ తాడు నేను కడతాను, నా తాడు నువ్వు కడతావు. తన ముడి మీద మనిషికి నమ్మకం ఎక్కువ, శ్రద్ధ తక్కువ. ఎదుటిమనిషి ప్రాణం అనేసరికి చెయ్యి దానంతట అదే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుందని మేస్త్రి తండ్రి నాటి మాట. కట్టుబాటు తప్పినవాడికి మళ్ళీ తాడివ్వరు. ఎదుటివాళ్ళ ముడి అశ్రద్ధగా కట్టినా అంతే. అంటే ఇవాళ మేస్త్రి మేడ దిగి వచ్చేసరికి ఇంట్లో ఒకరి తాడు పోతుంది. అది పెద్దకోడలిదేనని అందరికీ తెలిసిపోయినట్టే ఉంది.

తెల్లవారేసరికి వాన. పెద్ద వాన కాదు. పిండి జల్లించినట్టు సన్నగా, తీరిగ్గా, ఎవరి పనీ ఆపకుండా అందరినీ తడిపే వాన. చిన్నకోడలు మొగుడికి టీ ఇచ్చి, కట్టు కట్టిన కాలి కింద దిండు సర్ది, వసారాలోకి వచ్చేసరికి పెద్దకోడలు తాడు చుట్ట భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంటోంది.

"ఎక్కడికక్కా?"

"ఆసుపత్రికి. పడమటి వైపు అద్దాలు సగంలో ఉండిపోయాయి కదా."

"మావయ్య కూడా అక్కడికే వస్తానన్నారు. అందరం కలిసే వెళ్దాం."

"ఆయన లేచి, మందులేసుకుని, మోకాళ్ళని బతిమాలుకుని బయల్దేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఈలోగా నా పని అయిపోతుంది."

చిన్నకోడలి మనసులో ఏదో చురుక్కుమంది. ముడి చూస్తానని మామగారు అన్న మర్నాడే, ఆయన కంటే ముందు, ఒక్కతే! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?

"నీ తాడు ఎవరు కడతారు మరి? నేనూ వస్తా," అంది బకెట్లు అందుకుంటూ.

పెద్దకోడలు వద్దనడానికి నోరు తెరిచింది. కానీ తాడు ఎవరు కడతారన్న ప్రశ్నకి ఆ ఇంట్లో ఎవరి దగ్గరా అడ్డు జవాబు ఉండదు. గేటు తీసింది.

దారిలో ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు గానీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఈ వారం రోజులుగా అంతే. చిన్నకోడలికి అదే ఎక్కువ బాధగా ఉంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో తన భయం పోగొట్టిన మనిషి ఈవిడే. మంచం కోడుకి తాడు వేసి పక్కన కూర్చోబెట్టుకుని ముళ్ళు నేర్పింది ఈవిడే. నేర్పుతూ కసురుకోవడం గానీ, విసుక్కోవడం గానీ ఎరగదు. తప్పు కట్టిన ప్రతిసారీ ముడి విప్పి చేతికిచ్చి, "మళ్ళీ," అనేది, అంతే. అలాంటి చెయ్యి కట్టిన ముడి ఎలా జారుతుంది? జారదంటే మొగుడు అబద్ధమాడినట్టు. జారిందంటే అక్క మీద పెట్టుకున్న నమ్మకమంతా నీళ్ళపాలైనట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. వీళ్ళని, వీళ్ళ బకెట్లని చూసి నవ్వాడు.

"వానలో అద్దాలు తుడవడమేంటమ్మా! చేపకి స్నానం చేయించినట్టుంది."

"కడగని చేపని నువ్వు తింటావా అన్నా?" అంది పెద్దకోడలు.

వాచ్‌మన్ పకపకా నవ్వి, ప్రమాదం జరిగిన నాటి నుంచి తాళం వేసి ఉన్న డాబా తాళంచెవి తీశాడు. ఇవ్వబోతూ ఆగాడు. "ఈసారి మాత్రం వెనక గేట్లోంచి అలా పరిగెత్తకు తల్లీ. ఆ రోజు నువ్వు వెళ్ళిన తీరు చూసి ఏం ముంచుకొచ్చిందోనని నా గుండె..."

"తాళం ఇటివ్వన్నా. వాన పెరిగేలా ఉంది," అంటూ పెద్దకోడలు అతని చేతిలోంచి తాళంచెవి లాక్కున్నంత పని చేసింది.

చిన్నకోడలు ఆ మాట విన్నది. ఏ రోజు? ఏ గేటు? అడుగుదామనుకునేలోపు అక్క మెట్ల మలుపు తిరిగిపోయింది. తడి బకెట్లతో లిఫ్టు ఎక్కనివ్వరు కాబట్టి ఎప్పుడూ మెట్లే. ఆయాసంలో ప్రశ్న వెనక్కి పోయింది.

వానలో పనేమిటని వాచ్‌మనే కాదు, లోకమంతా అడుగుతుంది. ఎండలో అయితే సబ్బునీళ్ళు అద్దం మీదే ఎండి చారలు కడతాయి. వాన రోజున పక్క వీధిలో కట్టే మేడల సిమెంటు దుమ్ము కూడా నాని, చెప్పిన మాట వింటుంది. వాన చినుకు శుభ్రమైనదే, మురికంతా అద్దానిది. భయపడాల్సింది గాలికి. "వాన చుట్టం, గాలి దొంగ," అంటుంది పెద్దకోడలు. అందుకే డాబా మీదకి రాగానే ముందు చేసే పని పిట్టగోడ మేకుకి ఒక గుడ్డపేలిక కట్టడం. పేలిక వేలాడుతుంటే పని. లేస్తే ఇల్లు.

ఇవాళ పేలిక తడిసి ముద్దయి కదలకుండా వేలాడింది. పెద్దకోడలు దాన్ని చూసి తలాడించి, భుజం మీది తాడు దించి, చుట్టూ చూసింది.

"చెల్లీ, గోనెపట్టా కిందే మర్చిపోయినట్టున్నాం. తాడు గోడకి ఒరుసుకుంటుంది. కాస్త తెచ్చిపెడతావా?"

చిన్నకోడలు సరేనని మెట్లు దిగింది. ఒక అంతస్తు దిగాక ఎందుకో భుజానున్న సంచిలో చెయ్యి పెట్టింది. గోనెపట్టా చేతికి తగిలింది. పొద్దున పెద్దకోడలే దాన్ని మడత పెట్టి ఆ సంచిలో సర్దింది. వస్తువు మర్చిపోయే మనిషి కాదు ఆవిడ. తన పెళ్ళిరోజు మర్చిపోతుందేమో గానీ గోనెపట్టా మర్చిపోదు.

చిన్నకోడలు చప్పుడు కాకుండా వెనక్కి ఎక్కింది.

డాబా అంచున వరసగా పాతిన ఇనుప కడియాల్లో చివరిదాని దగ్గర పెద్దకోడలు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తలకి కట్టుకున్న గుడ్డ మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో ముళ్ళు విప్పే ఇనుప మేకు. దాన్ని ఆ ముడిలోకి గుచ్చి మెలితిప్పుతోంది.

"అక్కా!"

మేకు ఆగింది.

"ఏం చేస్తున్నావక్కా?"

"ఏముంది, పాత తాడుముక్క. కాలికి అడ్డం పడుతోందని తీసేస్తున్నా."

"మావయ్య చూస్తానన్న ముడినా?"

పెద్దకోడలు మేకు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. చిన్నకోడలికి వారం రోజుల దుఃఖమూ ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"నేను నిన్ను ఒక్క మాట అన్లేదక్కా. రాత్రంతా ఆయన మూలుగుతుంటే పక్కన కూర్చుని, పోనీలే, ఎవరి చెయ్యైనా ఒకసారి తప్పుతుంది, వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికి తెలుసు అని నాకు నేనే చెప్పుకున్నా. నువ్వు 'అవును, నావల్లే జారింది' అనుంటే నీ కాళ్ళకి దండం పెట్టేదాన్ని. ఇలా పొద్దున్నే వచ్చి దాన్ని మాయం చేస్తావా? నువ్వా?"

"పక్కకి జరుగు చెల్లీ. నువ్వు దాన్ని చూడకు."

చూడకు అన్నాక చూడనివాళ్ళు ఎవరు? చిన్నకోడలు వచ్చి పక్కన కూలబడింది. పెద్దకోడలి చెయ్యి పట్టుకుని పక్కకి తీసి, ముడి వైపు చూసింది.

పెద్దకోడలిది పుర్రచేయి. ఆవిడ కట్టిన ముడి ఎక్కడున్నా పని చేసేవాళ్ళు పోల్చేస్తారు, తాడు తోక ఎడమ వైపుకి వస్తుంది. పైగా ఆ తోకతో పక్కనే ఇంకో చిన్న ముడి వేస్తుంది. దాన్ని పిల్లముడి అంటారు. తల్లిముడి కునుకు తీస్తే పిల్లముడి మేలుకుని ఉంటుందని ఆవిడ మాట. పిల్లముడి లేకుండా ఆవిడ బకెట్ కూడా కిందికి దించదు.

ఈ ముడి తోక కుడి వైపుకి ఉంది. పిల్లముడి లేదు. తాడుని ఆత్రంగా రెండు చుట్లు చుట్టి, ఒక్క గుంజు గుంజి వదిలేసిన ముడి. దాన్ని పోల్చడానికి చిన్నకోడలికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఇంట్లో బట్టల తాడుకి అదే ముడి. పాలసంచి మూతికి అదే ముడి. పెళ్ళయిన నాటి నుంచి తను గోళ్ళు విరగ్గొట్టుకుని విప్పుతున్న ముడి. విసుక్కున్నప్పుడల్లా ఆయన నవ్వేవాడు, "ఊడలేదు కదా, అది చూడు," అని.

"ఇది ఆయనది," అంది.

"వాన పెరుగుతోంది. లే."

"ఆయనే కట్టుకున్నాడు. తన తాడు తనే కట్టుకుని, జారాక నీ పేరు చెప్పాడు." ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది ఆమెకి. ఇంతసేపూ ఈ మనిషినా తను నిలదీసింది? వారం నుంచి ఈ మనిషితోనా మాట్లాడటం మానేసింది? "నువ్వెందుకు నోరు విప్పలేదక్కా?"

"నొప్పిలో ఉన్నాడు. భయపడ్డాడు. కాలు పోతుందని కాదు, తాడు పోతుందని. చిన్నప్పటి నుంచి వాడికి వచ్చిన పని ఇదొక్కటే. మావయ్య తాడు తీసేసుకుంటే వాడు ఏమైపోతాడో నా కంటే నీకే బాగా తెలుసు. ఒకసారి ఒళ్ళు విరిగింది, ఇక జన్మలో సొంత ముడి కట్టుకోడు. ఆ బుద్ధి చాలదా?"

"మరి నీ తాడు పోతే?"

"నాకు నేల మీద కూడా నడవడం వచ్చు." పెద్దకోడలు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "అలవాటైపోతుందిలే."

అబద్ధం ఆడటం బొత్తిగా రాదు ఆవిడకి. అలవాటైపోతుందిలే అంటూ పిట్టగోడ అవతలికి, ఆ ఖాళీలోకి చూసిన చూపు చిన్నకోడలు చూసింది. ఊరికి వెళ్ళిపోయే బస్సులోంచి మనిషి ఇంటివైపు చూసే చూపు అది. ఇంతటి ఇష్టాన్ని తీసి పక్కన పెట్టి, తప్పు చేసినవాడి కోసం మాట పడటానికి మనిషికి ఎంత గుండె ఉండాలి! తనకి లేదు. తన మొగుడికి అసలే లేదు.

"ఆ టైముకి నువ్వెక్కడున్నావక్కా?" అంది ఉన్నట్టుండి. "నువ్వు పైనుంటే ఆయన కట్టుకునేవాడు కాదు. వాచ్‌మన్ వెనక గేటని ఏదో అన్నాడు."

పెద్దకోడలి మొహం తలుపేసినట్టయింది. "అది అడక్కు. ఒకరికి మాటిచ్చాను. 'నేనొచ్చేదాకా దిగకురా' అని చెప్పే వెళ్ళాను. మబ్బు కమ్ముకొస్తోంది, గాలి లేస్తుందని వాడు ఆగలేదు. అయినా జత మనిషిని వదిలి వెళ్ళింది నేనే కదా, నాది బొత్తిగా తప్పు లేదని నేననలేదు." చెయ్యి చాచింది. "పక్కకి జరుగు. మావయ్య వచ్చేలోగా విప్పెయ్యనీ. ముడి లేకపోతే ఆయన నా మొహమే చూస్తాడు. నా మొహం చూసి ఏం కావాలంటే అది అనుకోనీ."

"నువ్వు విప్పితే ఆయన తాడు ఉంటుంది, నీది పోతుంది."

"నీ మొగుడే కదా!"

"అందుకే," అంది చిన్నకోడలు. "ఇంకెవరి మొగుడైనా అయితే విప్పనిచ్చేదాన్నేమో."

ఇనుప మేకుని అక్క చేతిలోంచి తీసుకుని తన సంచిలో వేసుకుంది. ఆ ముడిని ఉన్నది ఉన్నట్టు వదిలేసి లేచి, పక్క కడియం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నీ తాడు ఇటివ్వక్కా. పడమటి వైపు సగంలో ఉందన్నావుగా. నేను కడతా."

ఇప్పటిదాకా ఆమె కట్టినవన్నీ మంచం కోళ్ళకీ, కిటికీ ఊచలకీ. మనిషి తాడు కట్టడం ఇదే మొదలు. పెద్దకోడలు ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, ఏమనుకుందో, నేల మీది తాడు చుట్టలోంచి చివర తీసి చేతిలో పెట్టింది. తడిసిన తాడు బరువుగా, మొండిగా ఉంది. తొలిసారి కట్టింది తనకే నచ్చక విప్పేసింది. "మళ్ళీ," అని తనే అనుకుని, మళ్ళీ కట్టింది. పక్కన కూర్చుని నేర్చుకుంది కదా, కుడిచేతి మనిషైనా ముడి తోక ఎడమ వైపుకే వచ్చింది. చివర్న పిల్లముడి వేసి, కాలు తన్ని పెట్టి బలంకొద్దీ గుంజింది. కదల్లేదు.

దిగే మనిషి ఆఖరికి ఒకసారి వంగి ముడి చూసుకోవడం రివాజు. పెద్దకోడలు బెల్టు బిగించుకుని, కూర్చునే చెక్క పలక తగిలించుకుని, గోనెపట్టా సర్ది, వైపర్ నడుముకి దోపుకుని తిన్నగా పిట్టగోడ ఎక్కి కూర్చుంది.

"చూసుకోవా అక్కా?"

"నువ్వు కట్టావుగా," అని వీపు ఖాళీ వైపు పెట్టి దిగిపోయింది.

తాడు బిగిసి నిలబడేదాకా చిన్నకోడలు తన ముడి మీద నుంచి చూపు తియ్యలేదు. బకెట్ని సన్నతాడుతో కిందికి దించి, ఆ తాడు చివర పిడికిట్లో పట్టుకుని పిట్టగోడ మీద నుంచి వంగి చూసింది. పైనున్నవాళ్ళకీ కిందున్నవాళ్ళకీ మాటలు ఆ బకెట్ తాడు మీదే. ఒకసారి గుంజితే నీళ్ళు కావాలని. రెండుసార్లు గుంజితే చేస్తున్న పని ఏదైనా సరే ఆపమని.

పై అంతస్తు కిటికీ ముందు పెద్దకోడలు పలక మీద కుదురుకుంది. ఇంట్లో పీట మీద కూర్చుని కూరగాయలు తరిగే మనిషికీ ఆవిడకీ తేడా లేదు. ముందు తడిగుడ్డ కట్టిన కర్రతో అద్దమంతా సబ్బునీళ్ళు పులిమింది. తొందర లేదు. మూలల దగ్గర ఆగి, సిమెంటు చుక్కలు నానేదాకా ఓపిక పట్టింది. తర్వాత వైపర్ ఎడమచేత్తో తీసి పై మూల నుంచి అడ్డంగా లాగింది. చివరి దాకా వెళ్ళి, అద్దం మీద నుంచి ఎత్తకుండానే మణికట్టు తిప్పి, వచ్చిన దారికి కింద దారిలో వెనక్కి వచ్చింది. అలా వెళ్తూ వస్తూ, ఎక్కడా గీత తెగకుండా కింద దాకా. వైపర్ రబ్బరు కూనిరాగం తీస్తున్నట్టు ఒకే శ్రుతిలో పలికింది. చినుకులు పడుతూనే ఉన్నాయి, కానీ మురికి లేని అద్దం మీద వాటికి పట్టు దొరక్క జారిపోతున్నాయి. ఇన్నాళ్ళూ బూడిద రంగు గోడలా ఉన్నది కాసేపట్లో కిటికీ అయిపోయింది.

లోపలి నుంచి ఎవరిదో ముడతలు పడ్డ చెయ్యి వచ్చి అద్దానికి ఆనింది. పైనుంచి మనిషి కనపడలేదు. ఎన్నాళ్ళుగా మంచం మీద పడుకుని మసకనే చూస్తున్న ప్రాణమో! పెద్దకోడలు ఆ చేతికి తల ఊపి, సరిగ్గా ఆ చెయ్యి ఉన్న చోటే బయటి నుంచి గుడ్డతో ఇంకోసారి తుడిచి, పక్క కిటికీకి జరిగింది.

ఈ పని ఈవిడ దగ్గర్నుంచి తీసేసుకుంటారా! చిన్నకోడలికి కోపంతో కళ్ళు చెమర్చాయి. వానలో ఏది ఏ నీరో ఎవరికి తెలుస్తుంది, తుడుచుకోలేదు.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మధ్యాహ్నం దాకా రాడనుకున్న తాళ్ళ మేస్త్రి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి రొప్పుతున్నాడు.

"మావయ్యా! ఇన్ని మెట్లు..."

"నా సంగతి వదిలెయ్. ముడేదీ?"

ఆమె చెయ్యి చూపించేలోపే ఆయన దగ్గర్లో ఉన్న కడియం మీదకి వంగాడు. కొత్త ముడిని బొటనవేలితో నొక్కి చూశాడు. పిల్లముడిని కదిపి చూశాడు. "ఇది పెద్దదాని చెయ్యి కదూ?"

"కాదు మావయ్యా, నాది. అక్క తాడు నేను కట్టా. కింద పని చేస్తోంది."

మేస్త్రి ఆమె వైపు ఎగాదిగా చూశాడు. "బాగుంది," అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడమంటే మాటలు కాదు. ఇంకో రోజైతే చిన్నకోడలు ఆ ఒక్క మాటతో నెల రోజులు కడుపు నింపుకునేది. ఇవాళ ఆమె గబగబా నాలుగడుగులు వేసి చివరి కడియం పక్కన నిలబడింది. ఆయన చూపు దాని మీద పడక ముందే తను చెప్పాలి. ఆయన చూశాక చెప్తే అది ఒప్పుకోవడమవుతుంది.

"మీరు చూస్తానన్న ముడి ఇది. నేను ముట్టుకోలేదు, ఎవర్నీ విప్పనివ్వలేదు. ఇది మీ చిన్నబ్బాయి కట్టుకున్నది మావయ్యా. తన తాడు తనే కట్టుకున్నాడు. అక్క కట్టలేదు. ఇంటికెళ్ళి ఆయన మొహం ఎలా చూడాలో నాకు తెలీదు. కానీ తాడు పోవాల్సి వస్తే ఆయనదే పోవాలి. అక్కది పోవడానికి వీల్లేదు."

చెప్పేసింది. గుండె తేలికైంది. ఇక మామగారు అగ్గి మీద గుగ్గిలమవుతాడని కళ్ళు మూసుకుని నిలబడింది.

ఏ అరుపూ వినపడలేదు. కళ్ళు తెరిచి చూస్తే మేస్త్రి ఆ ముడి ముందు తడి డాబా మీద చతికిలపడి ఉన్నాడు. గొడుగు పక్కకి దొర్లిపోయింది. ఆయన దాన్ని అందుకోలేదు.

"ఇది పెద్దదాని చేతి ముడే అయ్యుంటే బాగుండునని దారి పొడుగునా కోరుకుంటూ వచ్చానమ్మాయ్," అన్నాడు.

చిన్నకోడలు చెవులని నమ్మలేకపోయింది. "అక్కదే తప్పు కావాలని కోరుకున్నారా? మీరా?"

"అవును, నేనే. ముడి కట్టేశాకే అది కిందికి దిగిందని తేలితే, పోనీలే, దాని చెయ్యి తప్పింది, నా పాపం లేదు అనుకుందామని. ఇప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది." ఆయన వేళ్ళతో కొడుకు ముడిని తడిమాడు. "ఆ వేళ దాన్ని ఉన్నపళంగా వెనక గేటుకి రమ్మని కబురుపెట్టింది నేనే. వాడి తాడు కట్టేదాకా కూడా ఆగనివ్వలేదు. ఎందుకెళ్ళావని ఎవరడిగినా చెప్పనని మాట తీసుకున్నాను. అది ఆ మాట మీద నిలబడి, వాడి తప్పూ నా తప్పూ రెండూ నెత్తిన వేసుకుంది."

"ఎందుకు పిలిచారు మావయ్యా? అంత అవసరం ఏమొచ్చింది?"

మేస్త్రి నోరు తెరిచాడు.

చిన్నకోడలి పిడికిట్లో బకెట్ తాడు గట్టిగా రెండుసార్లు గుంజింది.

ఆమె ఉలిక్కిపడి పిట్టగోడ దగ్గరికి పరిగెత్తి వంగి చూసింది. పేలిక కదలడం లేదు. తాడు బిగువుగా ఉంది, పలక తిన్నగా ఉంది. పెద్దకోడలు క్షేమంగానే ఉంది. వైపర్ ఒళ్ళో పెట్టుకుని, తల పూర్తిగా వెనక్కి వాల్చి, వాన మొహాన పడుతున్నా రెప్ప వెయ్యకుండా పైకే చూస్తోంది. పై అంతస్తే కాబట్టి డాబా మీది మాటలు ఆవిడకి వినపడినట్టున్నాయి.

"మావయ్యా, వద్దు!" అని కింద నుంచి అరిచింది. "చెప్పొద్దు. మీ మాట మీద నేను నిలబడ్డాను కదా, మీరూ నిలబడండి!"

మేస్త్రి నోరు మూసుకున్నాడు. తాడు మళ్ళీ రెండుసార్లు గుంజింది.

చిన్నకోడలు ఒకసారి కిందికి, ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత బకెట్ తాడుని పిట్టగోడ మేకుకి రెండు చుట్లు చుట్టి, పిల్లముడి కూడా వేసి, ఖాళీ చేతులతో మామగారి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి మావయ్యా," అంది.